ఓడకు పెట్టిన గడియ

మా అత్తకి తలుపు కనిపిస్తే గడియ పెట్టాల్సిందే. పట్టపగలైనా, ఇంటినిండా మనుషులున్నా అంతే. వీధి తలుపుకి పైన ఒకటి, కింద ఒకటి, ఇవి చాలవన్నట్టు మధ్యలో అడ్డంగా మణికట్టంత లావు ఇనప గడియ. "మనింట్లో ఏముందని అత్తయ్యా? దొంగ వస్తే వాడే జాలిపడి ఏదో ఒకటి పెట్టి పోతాడు" అనేదాన్ని. "నువ్వున్నావుగా. నిన్నెత్తుకుపోతే నాకు గిన్నెలెవరు తోముతారు?" అనేది. అది ముద్దో మొట్టికాయో తేల్చుకోడానికి నాకు చాలాకాలం పట్టింది.

గడియగడియకీ లేచి గడియ పడిందో లేదో చూసుకుంటుందని మా ఆయన తల్లిని ఆటపట్టించేవాడు. ఆ గడియ వెనక సంగతి నాకు చెప్పింది కూడా ఆయనే. ఆయనకంటే ముందు ఒక అన్న ఉండేవాడట. నడక వచ్చిన కొత్తలో, ఎవరో తెరిచి వదిలేసిన తలుపులోంచి బయటికి వెళ్ళి, వాలు దిగి, ఏటి దాకా నడుచుకుంటూ పోయాడట. ఆ మాట అత్త నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. తెలిశాక ఆ ఇనప గడియ మీద వేళాకోళం తగ్గించాను. పూర్తిగా మానలేదు, ఎందుకంటే నా నోరు నా మాట వినదు.

యుద్ధం వచ్చి మా ఆయన్ని తీసుకుపోయింది. ఊళ్ళో సగం మంది మగవాళ్ళు అలాగే పోయారు. ఏటి ఒడ్డున వంతెనల దూలాలు చేసే కార్ఖానా ఒకటి ఉండేది. చూస్తుండగానే అందులో ఓడలు కట్టడం మొదలైంది. సముద్రం మా ఊరికి ఎంత దూరమో మాలో ఎవరికీ సరిగ్గా తెలీదు, చూసినవాళ్ళు అసలే లేరు. సముద్రం మొహం ఎరగని మనం సముద్రం మీద తిరిగే ఓడలు కట్టడమేంటని అందరం నవ్వాం. "ఏరు పోయి పోయి అందులోనే కలుస్తుంది. దారి దానికి తెలుసు, మీకెందుకు?" అన్నాడు మేస్త్రీ.

ఆయన్ని ఈల మేస్త్రీ అనేవాళ్ళం. సుత్తుల మోతలో మాట వినిపించదు కాబట్టి మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడుతుండేది. ఇంట్లో భార్యని కూడా ఈల వేసే పిలుస్తాడని చెప్పుకునేవాళ్ళు. అది అబద్ధం. ఇంట్లో ఈల ఆవిడ దగ్గర ఉండేది.

మగవాళ్ళు లేకపోయేసరికి మమ్మల్ని తీసుకున్నారు. నాకంటే ముందు అత్తే వెళ్ళి పేరిచ్చింది. "ఇంట్లో కూర్చుంటే గోడలు మాట్లాడుతున్నాయే పిల్లా, పద" అంది. ఇద్దరికీ వెల్డింగ్ నేర్పారు. కళ్ళకి నల్లద్దం ఉన్న ముసుగు, చేతులకి తోలు తొడుగులు, మెడ దాకా బిగించిన గుడ్డ. మొదటి వారం అత్త ఎవరో, నేనెవరో మాకే తెలిసేది కాదు. అత్తా కోడళ్ళకి అంతకంటే సుఖమైన ఏర్పాటు ఇంకోటి ఉండదు. ఆవిడ చెయ్యి మాత్రం వణకదు. ఇనుము కరిగి ఇనుములో కలిసేచోట ఆవిడ గీసిన గీత కుట్టుమిషను మీద కుట్టినట్టు ఉండేది. నాది చూసి, "ఇది అతుకా, పిట్ట రెట్టా?" అనేది పదిమందిలో.

మొదటి ఓడ పూర్తిగా నిలబడిన రోజు మేమంతా పనిముట్లు వదిలేసి ఒడ్డున నిలబడి చూశాం. అంతవరకూ ముక్కలు ముక్కలుగా అతికించాం కానీ, ఏం అతికిస్తున్నామో మాకెవరికీ బుర్రలోకి ఎక్కలేదు. మా వీధి వీధంతా ఎత్తి దాని కడుపులో పెట్టినా ఇంకా చోటుంటుంది. కింద చూస్తే అడుగు పళ్ళెంలా చదును. పైకి చూస్తే మెడ పట్టేస్తోంది. ఆ పక్క గోడలో ఎక్కడో నా చేతి అతుకు కూడా ఉందని తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. పిట్ట రెట్ట అయితే అయింది, అది లేకపోతే ఆ గోడ నిలవదు కదా అనుకున్నాను.

అత్త మాత్రం గోడలు చూడలేదు. ముందువైపుకి వెళ్ళి నిలబడిపోయింది. ఓడ ముక్కు ఉండాల్సిన చోట రెండు రెక్కల తలుపు ఉంది. దాని వెనక, ఒడ్డుకి దించే ఇనప బల్ల, పైకి లేపి మూసి ఉంది.

"ఇదేంటి మేస్త్రీ, ఓడకి ముందు తలుపేంటి? కావాలని చిల్లు పెట్టి దానికి రెక్కలు బిగిస్తారా ఎవరైనా?"

"మనవాళ్ళు దిగాలి కదా పెద్దమ్మా."

"రేవులో దిగరా అందరిలాగా?"

"రేవు అవతలివాళ్ళ చేతిలో ఉంటుంది. రేవు లేనిచోటికే ఇది పోవాలి. నేరుగా పోయి ఇసకలో ముక్కు గుచ్చాలి, నోరు తెరవాలి, కడుపులో ఉన్న మనుషుల్ని, బళ్ళని కక్కేయాలి, వెనక్కి రావాలి."

"ఇసకలో కూరుకుపోయింది వెనక్కెలా వస్తుంది? నాకు చెవిలో పువ్వు పెడుతున్నావా?"

మేస్త్రీ మమ్మల్ని ఓడ వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ పెద్ద చక్రానికి చుట్టిన ఇనప తాడు, దాని చివర నా ఎత్తుకి రెట్టింపు లంగరు. ఒడ్డు ఇంకా రాకముందే ఓడ నడుస్తుండగానే దాన్ని నీళ్ళలో వదిలేస్తారట. తాడు విప్పుకుంటూ ఓడ ముందుకి పోతుంది. పనయ్యాక అదే తాడు చుట్టుకుంటూ తనని తానే నీళ్ళలోకి లాక్కుంటుంది.

అత్త ఆ తాడు మీద చెయ్యి వేసి నిలబడింది. "అంటే, వెనక్కి రావడానికి దారి కట్టుకునే వెళ్తుందన్నమాట."

"అంతే పెద్దమ్మా."

"మరి దిగినవాళ్ళకి?"

ఈల మేస్త్రీ ఎటో చూసి ఈల ఊదాడు, ఎవరినీ పిలవకుండానే.

ఆ ప్రశ్న ఊరికే అడిగింది కాదు. మా ఆయన్ని ఓడల్లోంచి దిగి ఒడ్డు పట్టుకునే దళంలో వేశారని, గాయపడి తిరిగొచ్చిన అతని స్నేహితుడు అంతకు కొన్నాళ్ళ ముందే మాకు చెప్పాడు. ఇలాంటి ఓడ ఒకదాని చీకటి కడుపులో మా మనిషి కూర్చుంటాడు. ఇలాంటి తలుపు ఒకటి అతని ముందు ఉంటుంది. అది మంచి తలుపా, చెడ్డ తలుపా? అప్పట్నుంచి మా ఇంట్లో అన్నం దగ్గర కూడా ఇదే మాట.

"సముద్రం అంటే మన ఏరు లాంటిది కాదట. అలలు ఇంటెత్తు లేస్తాయట. ఆ రెక్కలు ఆగుతాయా?" అనేది అత్త.

"పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు లెక్కలు కట్టే చేసుంటారు అత్తయ్యా."

"చదువుకున్నవాళ్ళ కొడుకులు దాన్లో కూర్చుంటారా?"

 

ఓడని నీళ్ళలోకి దించడం కూడా మేం అనుకున్నట్టు కాదు. ముక్కు ముందు పెట్టి దించుతారనుకున్నాం. ఏరు వెడల్పు చాలదు కాబట్టి పక్కకి దొర్లించారు. కొయ్య దిమ్మెలకి జిడ్డు పూసి, కట్టిన తాళ్ళన్నీ ఒక్కసారే తెంపారు. అంత ఇనుమూ ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత మెల్లగా, ఎవరో నిద్రలో పక్కకి తిరిగినట్టు, ఏటి మీదికి ఒరిగింది. నీళ్ళు గోడలా లేచి అవతలి ఒడ్డు మీద పడ్డాయి. అక్కడ ఆరేసిన బట్టలన్నీ కొట్టుకుపోయాయి. ఓడ ఇటూ అటూ ఊగి, ఊగి, నిటారుగా నిలబడింది.   అత్త నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళయ్యాక ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

అలా దించేటప్పుడు ఆ అదురుకి ముందు తలుపు తెరుచుకోకుండా, రెండు రెక్కల మీదుగా బయట ఇనప పట్టీలు పెట్టి, చుక్కలు చుక్కలుగా అతికించేవాళ్ళం. నీళ్ళలోకి దిగాక సుత్తితో కొడితే ఊడిపోతాయి. చేతివాటం బాగుందని కొత్త ఓడకి ఆ పని అత్తకి అప్పగించారు. ఆ రోజు ఆవిడ అందరికంటే ఆఖర్న పనిలోంచి వచ్చింది. చేతులకి బూడిదరంగు అంటుకుని ఉంది.

"మీరు రంగులెప్పుడు వేశారు అత్తయ్యా?"

"పనిలో ఉన్నవాళ్ళకి సవాలక్ష అంటుకుంటాయి. నీలాగా అందరూ తళతళలాడుతుంటారా?" అంది.

ఆ ఓడ నీళ్ళలోకి దిగింది. బయటి పట్టీలు కొట్టేశారు. పరీక్షకి ఏటి దిగువకి, ఇసకతిన్నె దగ్గరికి తీసుకెళ్ళే రోజు వచ్చింది. దారిలో ఏదైనా ఊడితే అతకడానికి అత్తనీ నన్నూ ఎక్కించుకున్నారు. ఓడ ఎక్కడం మాకదే మొదటిసారి. ఇంజను మొదలవగానే కాళ్ళ కింద నేల బతికింది. మేం అతికించిన నేల! నేను పిచ్చిదానిలా గోడలు తడుముతూ తిరిగాను.

ముక్కు ఇసకకి ఆనే ముందు అందరం కింద కడుపులోకి వెళ్ళాలన్నారు, అసలు రోజున మనుషులు ఎలా ఉంటారో అలాగే. లారీలు కూడా రెండు ఎక్కించి ఇంజన్లు ఆన్ చేసి ఉంచారు. పైన మూతలు మూశారు. ఎంత పెద్ద చోటంటే, ఒక మూల దగ్గితే ఇంకో మూల వినపడదు. కానీ చీకటి కమ్మేసరికి అదే చోటు మీదికి వచ్చేసింది. వెనక ఎక్కడో లంగరు తాడు విప్పుకుంటున్న రొద. తర్వాత అడుగున ఇసక గరగరమని గీసుకుంది. ఓడ ఆగింది. ఈల మోగింది. ఇప్పుడు తలుపు తెరుచుకోవాలి.

మోటారు మూలిగింది. తలుపు రాలేదు.

మళ్ళీ మూలిగింది. ఇనుము మీద ఇనుము కీచుమంది. లారీల పొగ గొంతులో దిగింది. పొగ లాగే పంకాలు తిరుగుతున్నాయిట, నాకేం తెలిసింది? కళ్ళు మండాయి. ఎవరో "ఇంజన్లు ఆపండి" అని అరిచారు. ఇది పరీక్ష మాత్రమే, బయట ఉన్నది మా ఊరి ఇసకే, అని నాకు తెలుసు. అయినా నా గుండె కొట్టుకున్న తీరు చూస్తే ఆ తలుపు అవతలే నా ప్రాణమంతా ఉన్నట్టుంది. ఆయన ఇలాగే కూర్చుంటాడు, ఇలాగే చూస్తుంటాడు, అనుకున్నాను. ఆ చీకట్లో నేను ఎంత భయపడ్డానో మా ఆయనకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

నా పక్కనుంచి అత్త గొంతు వచ్చింది. ఆవిడ గొంతులా లేదు.

"మేస్త్రీ, లోపల ఇంకో గడియ ఉంది. నేనే పెట్టాను."

బయటి చుక్కల అతుకులు చూసి ఆవిడ మనసు ఊరుకోలేదట. తలుపు రెక్కలకీ వెనకనున్న బల్లకీ మధ్య ఇరుకు సందులోకి దూరి, మణికట్టంత లావు పట్టీ ఒకటి అడ్డంగా పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి నిండుగా అతికించింది. దాని మీద రంగు కూడా పూసింది, వచ్చి చూసినవాళ్ళు అదీ ఓడలో భాగమే అనుకునేలా. ఏ అలకీ ఊడనంత గట్టిగా చేసింది. అంత మంచి అతుకు ఆ కార్ఖానాలో ఇంకెవరూ వేయలేరు.

ఈల మేస్త్రీ తిట్టలేదు. తిడితే బాగుండేది. దీపం ఎత్తి ఆవిడ మొహంలోకి చూసి, "నీ కొడుకు దీన్లో ఉండుంటే, పెద్దమ్మా?" అన్నాడు.

అత్త ఇనుము కోసే గ్యాసు మంట గొట్టం అందుకుని, పక్కనున్న చిన్న కన్నంలోంచి ఆ సందులోకి దూరింది. మాలో ఇంకెవరం పట్టం. సన్నటి సందుల్లోంచి నీలం వెలుగు, నిప్పురవ్వలు, ఆవిడ దగ్గు. అంతసేపూ మేం చీకట్లో నిలబడ్డాం. చివరికి పట్టీ తెగి కింద పడ్డ చప్పుడు విన్నాం. ఆవిడ నల్లగా మాడి బయటికి వచ్చింది.

మోటారు మళ్ళీ తిరిగింది. రెక్కలు విచ్చుకుంటుంటే ముందు సందుల్లో సన్నటి వెలుగు గీతలు కనబడ్డాయి. అప్పుడు బల్ల వంగడం మొదలైంది. గీత వెడల్పై, తలుపై, చివరికి పగలంతా లోపలికి వచ్చిపడింది. కళ్ళు మూసుకోవాల్సి వచ్చింది. తెరిచేసరికి మా ముందు ఇసక, దాని మీద ఎండ, ఆపైన ఖాళీ ఆకాశం. రోజూ చూసే ఇసకే. దాన్ని అంత అపురూపంగా నేను ఎన్నడూ చూడలేదు. అందరం బల్ల మీదుగా నడిచి కాళ్ళు తడవకుండా నేల మీదికి దిగాం. వెనక్కి తిరిగి చూస్తే అంతెత్తు ఓడ నోరు తెరుచుకుని నిలబడి ఉంది, తాడు వెనక నీళ్ళలోకి బిగిసి ఉంది. కొంతసేపటికి అది నోరు మూసుకుని, తనని తాను ఇసకలోంచి మెల్లమెల్లగా వెనక్కి లాక్కుని, తేలిపోయింది. మేం చేసిన వస్తువే. అయినా దాని ముందు మేమంతా చీమలం.

అత్త ఇసకలో కూలబడి, "గడియ ఉంటే లోపలున్నవాళ్ళకి క్షేమం అనుకున్నానే పిల్లా" అంది. "లోపల ఉండటమే ప్రమాదం అనుకోలేదు." ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. 

మేస్త్రీ ఆవిణ్ణి పనిలోంచి తీసేయలేదు. ఆ రోజు నుంచి కార్ఖానాలో అందరూ ఆవిణ్ణి గడియమ్మ అన్నారు. ఆవిడ పలికింది కూడా. తర్వాత దిగిన ప్రతి ఓడకీ ఆ సందులోకి దూరి దీపం పెట్టి చూసి, "తెరుచుకుంటుంది, పోనివ్వండి" అని ఆవిడ చెప్తేనే మేస్త్రీ ఈల ఊదేవాడు. ఇంట్లో మాత్రం మూడు గడియలూ మామూలే.

యుద్ధం అయిపోయింది. మా ఆయన వచ్చాడు. కాళ్ళూ చేతులూ ఉన్నాయి, మాటే తక్కువైంది. నిద్ర అసలే లేదు. తలుపు వేస్తే లేచి దాని దగ్గరే నిలబడేవాడు. కళ్ళు పీక్కుపోయాయి, తిండి తగ్గింది. మనిషి ఇంటికి చేరాడు గానీ ఇంకా దారిలోనే ఉన్నాడని నాకు గుబులుగా ఉండేది. అడిగితే "ఏం లేదు" అనేవాడు.

ఒక సాయంత్రం అన్నాల దగ్గర అత్త అడిగింది. "ఒరేయ్, నువ్వెక్కిన ఓడ ఎలా ఉంది? ముందు తలుపు దగ్గర అతుకులు ఎలా ఉన్నాయి? మనదేనా?"

"అన్నీ ఒక్కలాగే ఉంటాయమ్మా."

"అయితే మనదే" అంది అత్త, తృప్తిగా.

 వచ్చాక మొదటిసారి ఆయన ఆ రోజు సంగతి ఎత్తాడు. "లోపల చీకటి. పొగ. అడుగున ఇసక గీసుకుంది. ఓడ ఆగింది. తలుపు తెరవాలి. తెరుచుకోలేదు."

అత్త చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"తెరుచుకుందిలే అమ్మా. బరువు తలుపులు కదా, కదలడానికి కాస్త టైం పడుతుంది, అంతే. కానీ నాకు అది అయిపోలేదు. దిగాక ఎన్నో జరిగాయి, అవన్నీ ఎలాగో పోతున్నాయి. ఆ గడియే పోవట్లేదు. పడుకుంటే అదే. ఇంట్లో ఉన్నా అదే. ఆ గడియ నా గుండెల మీదే ఉందమ్మా."

ఆయన చెప్పింది ఆ కాసేపు గురించి. చీకట్లో తలుపు వంక చూస్తూ గడిపిన ఆ ఒక్క గడియ గురించి. నాకు అర్థమైంది, నేనూ ఆ చీకట్లో నిలబడ్డదాన్నే. కానీ అత్తకి గడియ అంటే ఒక్కటే.

ఆవిడ వీధి తలుపు వంక చూసింది. చెయ్యి కడుక్కుంది. లోపల్నుంచి కార్ఖానా సుత్తి, ఉలి పట్టుకొచ్చింది. "పట్టుకోవే పిల్లా" అంది. అది కాదత్తయ్యా, ఆయన అన్నది ఈ గడియ కాదు, అని చెప్పబోయాను. ఆవిడ మొహం చూసి నోరు మూసుకున్నాను. నా నోరు నా మాట విన్న రోజు అదొక్కటే.

మేకులు తుప్పు పట్టి ఉన్నాయి. పైది ఊడింది, కిందది ఊడింది. నడుమ ఇనప గడియకి చాలాసేపు పట్టింది. ఆవిడ కొట్టిన ప్రతి దెబ్బకీ మా ఆయన ఉలిక్కిపడ్డాడు గానీ వద్దనలేదు. చివరికి అది ఊడి గడప మీద పడింది. అత్త తలుపు రెండు రెక్కలూ బార్లా తీసింది. పొద్దుగుంకే వేళ వెలుగంతా లోపలికి వచ్చి, గది దాటి, ఆయన కంచం మీద, చేతుల మీద, మొహం మీద పడింది. ఆయన ఆ వెలుగు వంక చూస్తూ మెల్లగా ఊపిరి వదిలాడు. కూర్చున్నచోటే గోడకి తల ఆనించి, చెయ్యి కూడా కడుక్కోకుండా నిద్రపోయాడు.

అత్త తన చాప తెచ్చి గడపకి అడ్డంగా పరుచుకుంది. ఆవిడ బతికున్నంతకాలం ఆ తలుపు తెరిచే ఉంది, ఆవిడ పడక అక్కడే ఉంది.